ఆన్‌లైన్‌లో ఉన్న పిల్ల

2024. నారాయణఖేడ్‌లో ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసు. అటెండెన్స్ చూసే క్లర్కును నేను. సెమిస్టర్ పరీక్షల ముందు డిటెన్షన్ లిస్టు, అంటే హాజరు బాగా తగ్గినవాళ్లను పరీక్ష రాయనీయకుండా ఆపే జాబితా, నేనే తయారుచేయాలి. అందులో పేరు ఎక్కితే వచ్చే ఏడు మళ్లీ అదే సెమిస్టర్ చదవాలి. ఆ రోజుల్లో నా ముఖం చూడ్డానికి ఎవరూ ఇష్టపడరు. చాయ్ కూడా ఒక్కదాన్నే తాగుతాను.

ఆ ఏడు జాబితాలో రెండో సంవత్సరం సునీత పేరుంది. కంగ్టి నుంచి బస్సులో రావాల్సిన పిల్ల. తల్లిదండ్రులు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి పోయారు. నానమ్మ చనిపోయినప్పటి నుంచి ఇంట్లో ఒక్కతే ఉంటోంది. నేను ఫోన్ చేస్తే తల్లి లక్ష్మి పని మానుకుని, కూతుర్ని తీసుకుని ఆఫీసుకొచ్చింది. రిజిస్టర్ చూపించినా నమ్మలేదు.

"నా బిడ్డ సదువుతలేదంటె ఎట్ల మేడం? ఎప్పుడు జూసినా ఆన్‌లైన్లనే ఉంటది."

ఆమెకు చదువు రాదు. కానీ వాట్సాప్‌లో కూతురి పేరు కింద పడే ఆ ఒక్క మాటను గుర్తుపడుతుంది. నాకు చిరాకేసింది. తర్వాత అర్థమైంది. కరోనా అప్పుడు బడివాళ్లు పిల్ల ఆన్‌లైన్‌లో ఉండాలని ఒకటే పోరు పెట్టారు. ఆమె లెక్కలో ఆన్‌లైన్ అంటే క్లాసే.

"దినమంత ఏం జూస్తవు బిడ్డా?" అని సునీతనడిగాను.

"వాట్సాప్ గ్రూపులల్ల వచ్చే వీడియోలు మేడం. ఏదో ఒకటి. ఇంట్ల మనుషుల మాటలు ఇనవడాలె గద."

"అమ్మకు ఫోన్ జెయ్యరాదు?"

"నేను ఆన్‌లైన్ల ఉన్నది ఆమెకు కనవడ్తనే ఉంటది. జూసి గూడ ఫోన్ జెయ్యకపాయె. ఇగ నేనేం జెయ్యాలె?"

లక్ష్మి కూతురి వైపు తిరిగింది. "సదువుకుంటున్నవనుకున్ననే. నడుమల ఫోన్ జేస్తె క్లాసు ఖరాబైతదని ఆగిన. దినాం జేద్దామని ఫోన్ తీసుడు, గా మాట కనవడంగనే పక్కన వెట్టుడు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కొద్దిపాటి తక్కువైతే కండోనేషన్ కింద మన్నిస్తారు. సునీత హాజరు దానికీ చాలలేదు. ప్రిన్సిపాల్‌ను బతిమాలాను. రూల్ ఒప్పుకోదన్నారు. చివరికి ఆ పేరు నా చేత్తోనే టైపు చేశాను. లక్ష్మి ఆ రోజే కూతుర్ని వెంటబెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కింది.

మరుసటి ఏడు రీఅడ్మిషన్ గడువు దగ్గరపడుతుంటే ఫోన్ చేశాను.

"ఇగ పంపియ్య మేడం. నాతోనే పనికి వస్తది. ఇద్దరం కల్సే తింటున్నం" అంది లక్ష్మి.

ఆ గొంతులో సంతోషం ఉంది. చదువు పోయిందని నేను బాధపడుతుంటే, ఆమెకు బిడ్డ దొరికింది.

హాజరు తగ్గుతోందని లిస్టుకు ముందే లక్ష్మి ఫోన్‌కు మెసేజ్‌లు పంపాను, ఇంగ్లీషులో. పంపాను కాబట్టి నా పని అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు ఎవరైనా వరసగా మూడు రోజులు రాకపోతే నేనే ఇంటికి ఫోన్ చేస్తాను. "మీ పిల్ల వస్తలేదు, ఒక్కసారి మాట్లాడుండ్రి" అని నోటితో చెబుతాను. సునీత విషయంలో ఆ ఫోన్ నేను లిస్టు తయారయ్యాక చేశాను.