చెయ్యి తీసి చూస్తే

తొంభైలు ముగిసిపోతున్న రోజుల్లో కరీంనగర్‌లో మా ఆయనా నేనూ కలిసి ఒక చిన్న కంప్యూటర్ దుకాణం నడిపాం. పెళ్లికార్డులు, దుకాణాల బోర్డులు, శిలాఫలకాలకు కావలసిన అక్షరాలు వేసి ఇచ్చేవాళ్లం. అంతకుముందు ఆయన గోడల మీద రాసేవాడు. హుజూరాబాద్ నుంచి ఖానాపూర్ దాకా ఎరువుల ప్రకటనలూ సిమెంటు ప్రకటనలూ చాలావరకు ఆయన కుంచెవే. ఉన్నట్టుండి ఒకనాడు రంగు డబ్బాలన్నీ ఎవరికో ఇచ్చేసి వచ్చాడు. "గోడల కాలం అయిపోయిందే. ఇగ అంత కంప్యూటరే" అన్నాడు. ఊరంతా అదే మాట అంటోంది కదా, నేనూ నమ్మాను.

అక్షరం తప్ప ఇంకో పని తెలియని మనిషి. పొలం తెలియదు, బేరం తెలియదు. బజారులో నడుస్తుంటే బోర్డుల మీద వంకర కొమ్ములూ తప్పు ఒత్తులూ చూసి పళ్లు నూరేవాడు. ఆ పని పోతే ఆయనలో ఇంకేమీ మిగలదు.

మొదట మా దగ్గర అడుగున రబ్బరు గుండు దొర్లే పాతరకం మౌస్ ఉండేది. దాని కడుపులో దుమ్ము చేరి తెర మీద బాణం గుర్తు వణుకుతోందని ఆయన రోజూ సణిగేవాడు. నేను గుండు తీసి కడిగి, లోపలి చక్రాలను గోటితో గీకి ఇచ్చేదాన్ని. అయినా సణుగుడు ఆగలేదు. చివరికి హైదరాబాద్ నుంచి కొత్త రకం మౌస్ తెప్పించాడు. దానికి గుండు లేదు, అడుగున ఎర్రలైటు. "దీనికి దుమ్ము పట్టదు. వణికే ముచ్చటే ఉండది" అన్నాడు. ఆ మాట దేవుడి ముందు మొక్కు చెప్పినట్టు అన్నాడు. మౌస్ మీద ఇంత భక్తేమిటా అని నేను నవ్వుకున్నాను.

తీరా పెట్టి చూస్తే బాణం అదిరిపడుతోంది. ఒక మూల నుంచి ఇంకో మూలకు దూకుతోంది. నాకు ఒళ్లు మండింది. "నీ కొత్తదాని మొఖం మండ! పాతదే నయముండె!" అని అరిచాను. ఆయన ముఖం పాలిపోయింది. కంప్యూటర్లు బాగుచేసే భాయి మా వీధి చివరే ఉండేవాడు, పిలుచుకొచ్చాను. భాయి మౌస్‌ను కాసేపు తిప్పి, "జర చెయ్యి తీసి చూద్దాం" అని పక్కకు జరిగాడు. ఎవరూ ముట్టుకోకుండానే బాణం వణుకుతోంది.

"అక్కా, మౌస్ మంచిగనే ఉంది. మీ టేబులే ఖరాబు" అని నవ్వాడు భాయి.

మా టేబుల్ పైపలక నున్నగా పాలిష్ చేసిన గ్రానైటు. కరీంనగర్‌లో రాయికి కరువా? కోత మిషన్ దగ్గర అంచు విరిగిన పలక దొరికితే గొప్పగా తెచ్చి వేసుకున్నాం. అంత మెరిసే రాయి మీద లైటుకు ఆనవాలు దొరకదట, అందుకే బాణం తడబడుతుందట. ఒక గరుకు కార్డు అట్ట కింద వేస్తే చాలన్నాడు. వేశాం. బాణం నిలబడింది. మా ఆయన సంతోషం చూడాలి! భాయికి చాయ్ మీద చాయ్ తెప్పించాడు. వచ్చిన ప్రతివాడితో "తప్పంత రాయిదే" అని చెప్పాడు. ఇంత చిన్నదానికి అంత సంబరమేమిటో నాకు అంతుపట్టలేదు.

కొన్నాళ్లకే మళ్లీ మొదలైంది. గీత గీస్తున్నంతసేపు బాగానే ఉంటుంది, మౌస్ మీద చెయ్యి కదపకుండా ఉంచితే చాలు, బాణం సన్నగా వణుకుతుంది. నేను అట్ట మార్చాను. అడుగున లైటు రంధ్రంలో చేరిన నూగు దూదితో తీశాను. తలుపు నుంచి ఎండ పడుతోందని టేబుల్ జరిపించాను. వైరు పీకి మళ్లీ పెట్టాను. నేను పట్టుకుంటే ఏమీ లేదు, ఆయన పట్టుకోగానే వణుకు. విసిగిపోయి, "ఆడలేక మద్దెల ఓడన్నదంట నీ అసొంటిది!" అనేశాను. మామూలుగా అయితే మాటకు రెండు మాటలు అనే మనిషి. ఆ రోజు మాత్రం కుడిచెయ్యి మెల్లగా టేబుల్ కిందికి తీసుకున్నాడు.

భాయి మళ్లీ వచ్చాడు. తన దుకాణంలోని మౌస్ తెచ్చి తగిలించాడు. అదీ వణికింది. ఈసారి నవ్వలేదు. "అన్నా, జర చెయ్యి తీయండి" అన్నాడు మెల్లగా.

"తీసేదేముంది? గిది సుత ఖరాబే!" అని అరిచాడు మా ఆయన. ఆయన గొంతు అట్లా లేవడం నేనెప్పుడూ వినలేదు. భాయి అక్కడే నిలబడ్డాడు. చివరికి ఆయన చెయ్యి తీశాడు. బాణం మేకు కొట్టినట్టు నిలిచిపోయింది. ఇక దాన్ని ఎవరూ చూడడం లేదు. రాతి మీద ఆనించిన ఆ చేతినే ముగ్గురం చూస్తున్నాం. ఆకు లేకుండా బీడీ చుడుతున్నట్టు బొటనవేలు చూపుడువేలి మీద ఆగకుండా ఆడుతోంది.

భాయి సంచి సర్దుకున్నాడు. నన్ను గడప దాకా పిలిచి, "అక్కా, మా అబ్బకు గిట్లనే షురూ అయింది. పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి" అన్నాడు. వాళ్ల నాన్నకు తర్వాత ఏమైందో భాయి చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

లోపలికొచ్చేసరికి మా ఆయన అట్లాగే కూర్చుని ఉన్నాడు. "గోడలు గందుకే ఇడిసిపెట్టిన" అన్నాడు. "వరుస ఆఖరికొచ్చేసరికి అక్షరం చిన్నగయితుండె. పెద్దగ రాద్దామన్నా చెయ్యి నా మాట ఇంటలేకుండె. కంప్యూటర్ల అక్షరం చిన్నగాదు గదా అనుకున్న."

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాను. కోపమో ఏడుపో నాకే తెలియలేదు.

"చెప్తే నిజమైతదని బుగులైందే."

నాకు ఆయన్ను అట్లా చూడబుద్ధి కాలేదు. పక్కకు జరగమని ఆయన కుర్చీలో నేను కూర్చుని మౌస్ పట్టుకున్నాను. పట్టుకుని, కావాలనే మణికట్టు ఊపాను. తెర మీద బాణం గజగజలాడింది.

"ఇగో సూడు, నాకు సుత వణుకుతుంది. ఈ మౌసులే మంచిగ లెవ్వు. ఇంకోటి తెప్పిద్దాం" అన్నాను.

ఒత్తు సరిగా పడిందా లేదా అని చూసే కంటితో ఆయన తెరవైపు చాలాసేపు చూశాడు.

"వణుకు గట్లుండదే" అన్నాడు. "నీకు చేతగాదు, ఇడువు."