పెద్దల్లుడి పదిహేను రోజులు

ఆ పదిహేను రోజులూ చిన్నల్లుడు పెద్దల్లుడి సీట్లో కూర్చుని బస్సు నడిపాడు.

ఇద్దరూ ఒకే డిపోలో డ్రైవర్లు, తోడల్లుళ్ళు. అక్కాచెల్లెళ్ళకి వారం తేడాలో కాన్పులయ్యాయి. ఇద్దర్నీ అత్తగారొక్కతే చూసుకోవాలి గనక అందరూ ఆవిడ మూడు గదుల ఇంట్లోనే సర్దుకున్నారు. పెద్దల్లుడిది పర్మినెంటు ఉద్యోగం. చిన్నల్లుడు కాంట్రాక్టరు పంపిన మనిషి. బిడ్డ పుట్టిన తండ్రికి జీతంతో పదిహేను రోజుల సెలవు ఇవ్వాలన్న ఉత్తర్వు డిపో నోటీసు బోర్డు మీద ఉంది. చిన్నల్లుడు దాన్ని మూడుసార్లు చదివి టైమ్‌కీపర్ దగ్గరికి వెళ్ళాడు.

"సంస్థ ఉద్యోగికి అని రాశారు, చూశావా?" అన్నాడు టైమ్‌కీపర్, డ్యూటీ చార్టు మీంచి తలెత్తకుండా. "నువ్వు కాంట్రాక్టరు మనిషివి."

"మరి బిడ్డ?"

"బిడ్డ నీదేలే, దానికి ఉత్తర్వు అక్కర్లేదు. రేపట్నుంచి మీ అన్నయ్య డ్యూటీ నీకే వేశాను. ఐదింటికి బండి తియ్యాలి."

పెద్దల్లుడు పొడగరి. సీటు బాగా ముందుకి జరుపుకుంటే గాని చిన్నల్లుడికి క్లచ్ అందలేదు. అద్దం కూడా దించుకోవలసి వచ్చింది. ఒక్కో స్టాపు దాటుతుంటే ఇంట్లో ఇప్పుడేం జరుగుతోందో ఊహించుకునేవాడు. ఇప్పుడు అన్నయ్య పిల్లలకి నీళ్ళు పోస్తుంటాడు. ఇప్పుడు పక్కబట్టలు ఆరేస్తుంటాడు. ఇప్పుడు నా కొడుకుని నిద్రపుచ్చుతుంటాడు.

పొద్దుగూకే వేళకి ఇల్లు చేరితే పెద్దల్లుడు వరండాలో పచార్లు చేస్తూ ఎదురయ్యేవాడు. కుడి భుజాన తన కూతురు, ఎడమ భుజాన చిన్నల్లుడి కొడుకు.

"పెద్దబ్బాయి ఉండబట్టి నాకు కాస్త నడుం వాల్చే తీరిక దొరుకుతోంది," అనేది అత్తగారు.

"బావ పోస్తే వీడు నీళ్ళకి ఏడవడం లేదండీ," అనేది భార్య. పూటకి పదిసార్లు బావ. చిన్నల్లుడు లెక్కపెట్టేవాడు.

తొమ్మిదో రోజు ఇంటికి రాగానే కొడుకుని అందుకున్నాడు. వాడు గుక్కపట్టాడు.

"ఇలా ఇయ్యి తమ్ముడూ," అన్నాడు పెద్దల్లుడు నవ్వుతూ. "నీ దగ్గర డీజిల్ కంపు కొడుతోందేమో వాడికి."

ఆ భుజం ఎక్కగానే వాడు నోరు మూశాడు. ఆ డీజిల్ ఎవరి బస్సుదో అడుగుదామనుకున్నాడు చిన్నల్లుడు. పెరట్లోకి వెళ్ళి మోచేతులదాకా రెండుసార్లు సబ్బుతో రుద్దుకున్నాడు.

ఇందులో తోడల్లుడి తప్పేమీ లేదు. అందుకే మరీ ఒళ్ళు మండింది. మనసులో తిట్టుకోవడానికైనా ఒక్క సాకు దొరకనివ్వలేదు ఆ మనిషి.

పదహారో రోజు పెద్దల్లుడు డ్యూటీ ఎక్కాడు. ఇప్పుడు బండి లేదు, రెండు రోజులు ఇంట్లో ఉండమని కాంట్రాక్టరు చిన్నల్లుడికి కబురు పెట్టాడు. జీతం లేని రోజులు. అయినా అతను లోలోపల సంబరపడ్డాడు.

మధ్యాహ్నం భార్య స్నానాల గదిలో ఉండగా కొడుకు లేచాడు. ఎత్తుకుంటే ఏడుపు. ఊపితే ఇంకా ఏడుపు.

"ఎడమ భుజానికి మార్చండి," తలుపు వెనకనించి భార్య గొంతు. "బావ అలాగే ఎత్తుకునేవాడు."

"కుడి భుజానికేం రోగం?"

"వాడికి అలా అలవాటైందండీ."

"ఎవరు చేశారట?"

లోపల చెంబుతో నీళ్ళు గుమ్మరించుకున్న చప్పుడైంది.

పావుగంట కుడి భుజం మీదే ఊపాడు. పిల్లాడి మొహం కందిపోయింది. చివరికి ఎడమకి మార్చాడు. వాడు చెంప ఆనించి, రెండుసార్లు వెక్కి, ఊరుకున్నాడు. వెచ్చటి ఊపిరి మెడకి తగులుతోంది. పదిహేను రోజులుగా అతను కోరుకున్నది ఇదే.

వాడి చేతులు వదులయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు. తర్వాత తల కింద అరచెయ్యి పెట్టి, మెల్లిగా కుడి భుజం మీదికి తెచ్చుకున్నాడు.

వాడు కళ్ళు తెరిచి మళ్ళీ రాగం అందుకున్నాడు.

"మళ్ళీ ఏమైందండీ?"

"ఏం కాలేదు," అన్నాడు వరండా ఆ చివరికి నడుస్తూ. "రేపు కూడా ఇంట్లోనే ఉంటాగా."