ఎండకు సాగిన తాడు

నాతోపాటు మా బడిలో సైన్సు చెప్పిన సారు పోయారన్న కబురు మొన్న నల్గొండ బస్సు డ్రైవరు తెచ్చాడు. "జరమొచ్చి పోయిండంట అయ్యవారూ" అన్నాడు. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

సారుకు ఒక పిచ్చి ఉండేది. ప్లాస్టిక్ ముక్కలకు తూనికరాళ్లు వేలాడదీసి, కొన్నిటిని చన్నీళ్లలో, కొన్నిటిని వేడినీళ్లలో ఉంచి, ఏది ఎంత సాగిందో గీతలు గీసుకునేవారు. ఒక స్ప్రింగుకు నూనె నింపిన సైకిలు పంపు తగిలించి మరీ చూపేవారు.

"ప్లాస్టిక్ల గీ రెండూ ఉన్నయనుకోండ్రి. గుంజి వదిలితే స్ప్రింగు తిరిగొస్తది, పంపు రాదు. నూనె వేడైతే ఇంక జల్ది జారుతది."

"పిల్లల సైకిళ్లకు గాలి కొట్టడానికి ఒక్క పంపన్నా మిగల్చండి సారూ" అని తెలుగు చెప్పుకునే నేను ఆటపట్టించేవాణ్ని. ఆయన నవ్వి మళ్లీ గీతలు గీసుకునేవారు.

ఒక వేసవిలో నార్కట్‌పల్లి దగ్గరి మా ఊరికి వచ్చారు. అప్పుడు మా తమ్ముడు బావి లోతు చేయిస్తున్నాడు. బండలు పైకి లాగడానికి పట్నం నుంచి కొత్త ప్లాస్టిక్ తాడు తెచ్చాడు. పొద్దున చల్లపూట బండ కట్టి చూస్తే తాడు చెక్కుచెదరలేదు. మా వైపు మధ్యాహ్నం బండను సగంలోనే ఆపి, తాడును ఒడ్డుమీది రాతికి కట్టేసి, చల్లగా ఉంటుందని బావి అడుగునే కూర్చుని సద్ది తింటారు. కొబ్బరితాడు ఉన్నన్నాళ్లూ అలాగే నడిచింది. ఆ రోజు కూలీలు తిని పైకొచ్చేశారు. తమ్ముడొక్కడే ఇంకా వేలాడే బండ కింద తింటూ ఉన్నాడు.

కాలే రాతిమీది తాడును ముట్టుకుని సారు చేయి వెనక్కి తీసుకున్నారు. బావి అంచు దగ్గర తాడుకూ రాతికీ కలిపి ఒక సుద్దగీత గీశారు. కాసేపటికి తాడుమీది గీత కిందికి జరిగింది. మళ్లీ గీస్తే, ఈసారి ఇంకా తొందరగా జరిగింది.

"తమ్మీ, తిన్నది సాలు, పైకి రా!"

"ఫికర్ చెయ్యకుండ్రి సారూ! గీ తాడు ఏనుగునన్నా మోస్తది!"

"పొద్దుగాల మోసింది. ఎండకు సాగుతాంది గిప్పుడు!"

"ఎప్పుడు తెగుతది?" అని అడిగాను.

"తెల్వదు. సాగుడు ఆగుతలేదు, గంతే."

"రారా పైకి!" అని గొంతు చించుకున్నాను. తమ్ముడు విసుక్కుంటూ లేచి, గోడరాళ్లు పట్టుకుని ఎక్కసాగాడు. సారు కూలీల మంచినీళ్ల కుండ తెచ్చి తాడుమీద ధార పోశారు. గీత నెమ్మదించింది కానీ నిలవలేదు. కుండలో నీళ్లు అయిపోయాయి. తమ్ముడి చేయి ఒడ్డుకు అందగానే సారు బోర్లా పడుకుని మణికట్టు పట్టి లాగారు.

తాడు తెగింది. అడుగున సద్దిగిన్నె ఉన్నచోట బండ పడ్డ చప్పుడుకు మా కాళ్లకింద నేల అదిరింది.

తమ్ముడు ఒడ్డున కూలబడి, "వచ్చిన సారూ, పైకొచ్చిన" అని చెబుతూనే ఉన్నాడు. సారు వేళ్లు మాత్రం ఆ మణికట్టును వదల్లేదు.