కిటికీ కింద చోటు

పైడమ్మ సంగతి చెప్పేముందు ఒక మాట. నేను ఆవిడ పక్షం. నూకరాజు గారు చెడ్డవాడేం కాదు, చూస్తే పాపం అనిపించే మనిషే. అయినా ఆయన మీద జాలి పడమని మాత్రం నన్నడక్కండి.

రాయపూర్ దేవేంద్ర నగర్‌లో వాళ్ళిల్లూ మా ఇల్లూ గోడకి గోడ. నేను స్కూల్లో టీచర్ని, జాకెట్లన్నీ ఆవిడ చేతే కుట్టించుకునేదాన్ని. పైడమ్మది బొబ్బిలి పక్క పల్లె. పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో పెళ్ళి చేసుకుని, గూడ్సు పెట్టెలు బాగుచేసే వర్క్‌షాప్‌లో ఫిట్టరైన నూకరాజు వెంట రైల్వే క్వార్టర్స్‌కి వచ్చింది. హిందీ ముక్క రాదు. పక్క క్వార్టర్లోని బెంగాలీ ఆవిడ దగ్గర సైగలతోనే కుట్టు నేర్చుకుంది. కొన్నేళ్ళు తిరిగేసరికి కాలనీలో ఆడవాళ్ళంతా ‘ఆంధ్రా బాయి’ కుట్టిన జాకెట్టే తొడిగేవారు. తర్వాత వాళ్ళు దేవేంద్ర నగర్లో ఇల్లు కట్టుకున్నప్పుడు ముందుగది ఆ మిషను సంపాదనతోనే లేచింది. వీధివైపు గోడకి సరిగ్గా మధ్యలో పెద్ద కిటికీ, దాని కింద మిషను. సూదిలో దారం ఎక్కించడానికి ఆ వెలుతురు ఉండాలని ఆవిడే పట్టుబట్టి ఆ కిటికీ పెట్టించింది.

తొంభై ఎనిమిదిలో నూకరాజు రిటైరయ్యాడు. జీవితమంతా ఇనుము మీద సుత్తి దెబ్బలు విన్న చెవులు. సన్నటి సంగీతం ఆయనకి ఆనదు, ఢోలక్ దెబ్బ గుండెకి తగిలితేనే పాట విన్నట్టు. అందుకని ప్లైవుడ్ కొనుక్కొచ్చి సొంత చేతుల్తో దబదబ మోత పలికే రెండు పెద్ద సబ్‌వూఫర్ డబ్బాలు చేశాడు. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు. కానీ వాటికి గది కావాలి కదా.

పైడమ్మ చెల్లెలికి బాగా లేదని బొబ్బిలి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ముందుగదిలో మిషను లేదు. కిటికీకి అడ్డంగా కంబళి కొట్టేసి ఉంది. గది మధ్యలో ఒకే ఒక్క కుర్చీ, వంటింటి వైపు గోడకి రెండు మూలల్లో రెండు నల్ల డబ్బాలు.

“మిషనేది మావా?” అంది.

“టాటీబంధ్‌లో సూరమ్మ కూతురికి ఇచ్చీసినాను. ఈ వయసులో కళ్ళు పోగొట్టుకుని ఇంకా ఏటి కుడతావులే,” అన్నాడాయన. సూరమ్మ ఆయన చెల్లెలు.

పైడమ్మ సంచి కింద పెట్టి, కాళ్ళు కడుక్కుని, పొయ్యి వెలిగించింది. మర్నాడు మా గుమ్మంలో కూచుని మాత్రం పళ్ళు నూరింది. “టీచరమ్మా, నన్నడగనేదు. ఒక్క మాట అడగనేదు. ఆ గది నాది. నా గది నాకొచ్చీవరకూ ఆ మనిషికి సుకం ఉండనివ్వను, సూడు!”

ఆవిడ అంత కక్ష పట్టగా నేనెప్పుడూ చూడలేదు.

తమాషా ఏమిటంటే, సుఖం లేకుండా చేయడానికి ముందుగా ఆవిడ పడాల్సిన శ్రమేమీ లేకపోయింది. డబ్బాలు మోగుతున్నాయి గానీ కుర్చీలో కూచున్న నూకరాజుకి ఢోలక్ దెబ్బ అందడం లేదు. గోడల దగ్గర గుడగుడ, మధ్యలో సున్నా. డబ్బాల కింద ఇటికలు పెట్టాడు, తీశాడు. కొబ్బరిపీచు పట్టాలు పరిచాడు. వైర్లు మార్చాడు. కానీ రెండు డబ్బాల్నీ విడదీసి తలో గోడకీ పెట్టడం మాత్రం ఆయనకి తోచలేదు. “పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పక్కపక్కనుండాలి గానీ చెరో గోడకీ ఉంటారేటి?” అనేవాడు.

జవాబు పైడమ్మకి దొరికింది, అదీ నేల తుడుస్తూ. మనం నేల తుడిచేటప్పుడు కింద ఉన్న సామానంతా ఎత్తి కుర్చీ మీద పెడతాం కదా. ఆయన బజారుకెళ్ళిన పూట ఆవిడ ఒక డబ్బాని ఎత్తి ఆయన కుర్చీలో కూచోబెట్టింది. ఆయన ఆపకుండా వెళ్ళిన క్యాసెట్టు ఆపడం ఆవిడకి రాదు, అది పాడుతూనే ఉంది. మోకాళ్ళ మీద పాకుతూ తడిబట్టతో గదంతా తుడుస్తోంది. మూలలో చప్పుడు ముద్దముద్దగా ఉంది. ద్వారం పక్కన అసలు లేదు. వంటింటి గోడ మధ్యకి వచ్చేసరికి కాస్త తేటపడింది. కిటికీ కిందకి, తన మిషను ఉండే చోటుకి వచ్చేసరికి, ఒక్కో దెబ్బా విడివిడిగా, నిండుగా పొట్టలో తగిలింది. 

నిండుగా వినపడ్డ చోట్లోనే డబ్బా పెడితే కుర్చీలోకీ అలాగే వస్తుందేమోనని ఆవిడకి అనుమానం వచ్చింది. ఒక డబ్బాని గోడ మధ్యకి జరిపి, రెండోదాన్ని కిటికీ కిందకి లాక్కెళ్ళి, వెళ్ళి కుర్చీలో కూచుంది. ఆ కుర్చీలో ఆవిడ కూచోవడం అదే మొదలు. ఢోలక్ ఆవిడ ఒళ్ళో వాయించినట్టే ఉందట.

విని ఏం చేసిందనుకున్నారు? లేచి, రెండు డబ్బాల్నీ ఎక్కడివక్కడ మూలల్లో పెట్టేసి, చెమ్మ ఆరేదాకా ఫ్యాను వేసింది. నాకు చెబుతుంటే ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. “ఆ మనిషికి కావాల్సింది నా మిషను చోట్లో ఉంది టీచరమ్మా. సెప్తానా? సచ్చినా సెప్పను,” అంది.

అక్కడి నుంచి ఆయన్ని ముప్పుతిప్పలు పెట్టింది. ఆయన కాస్త బాగుందనుకున్న రోజున తుడుపు పేరుతో కుర్చీని జానెడు జరిపేసేది. “నిన్న వచ్చిందే, ఇవాళ ఏటయిందీ?” అని ఆయన జుట్టు పీక్కుంటుంటే, “ఏమో మావా, నాకేటి తెలుస్తాది,” అంటూ బియ్యం ఏరుకునేది. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని.

చివరికి ఒక ఆదివారం నూకరాజు పరదేశి అనే పాత జతగాణ్ణీ, చెల్లెలు సూరమ్మనీ పాటలు వినడానికి పిలిచాడు. ఆ పొద్దున పైడమ్మ గది తళతళా తుడిచింది. కుర్చీని నట్టనడిమికి, ఏ చప్పుడూ అందని చోటుకి చేర్చింది. సూరమ్మకి మర్యాదగా కిటికీ గోడకి ఆనించి చాప వేసింది. పాట మొదలైంది. నూకరాజుకి ఏమీ వినపడక సౌండు పెంచాడు, మళ్ళీ పెంచాడు. సూరమ్మ చేతిలో టీ ఒలికిపోయింది. “అన్నా, బంద్ కర్! తల పగిలిపోతంది!” అని ఆవిడ చెవులు మూసుకుని వీధిలోకి పరిగెత్తింది.

గోడ దగ్గర నిలబడ్డ పరదేశి నవ్వాడు. “మాకందరికీ కడుపులో దబదబ కొడతంటే నీకు వినపడదేటిరా? నీ చెవులు పోయాయిరా నూకరాజూ!”

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. తర్వాత డబ్బాలు మోగడం మానేశాయి. ఆయన వరండాలో కూచుని వేళ్ళు చెవుల దగ్గర చిటికెలేసుకుని వినేవాడు. ఒకనాడు గుమ్మంలో నిలబడి అన్నాడు. “పైడీ, నా చెవులు పోయాయే.”

“చెవులు పోనేదు. డబ్బాలెక్కడ పెట్టాలో నీకు తెలీదు. సెప్తాను. ముందు ఎల్లి నా మిషను పట్రా.”

టాటీబంధ్ వెళ్ళాడు. సూరమ్మ పెట్టాల్సిన నాలుగు చీవాట్లూ పెట్టింది. రిక్షాలో మిషనుని ఒళ్ళో బిడ్డలా పట్టుకుని వచ్చాడు. కంబళి పీకేసి కిటికీ కింద దించాడు. నేను జాకెట్టు గుడ్డ పట్టుకుని అప్పటికే వచ్చి కూచున్నాను, ఎందుకు మానేస్తాను?

పైడమ్మ పీట మీద కూచుని సూదిలో దారం ఎక్కించింది. “పాట పెట్టి, డబ్బా కుర్చీలో పెట్టు మావా. తడిబట్ట తీసుకో. మోకాళ్ళ మీద గదంతా తుడుసుకుంటా రా. ఎక్కడ సౌండు నిండుగా ఉంటే డబ్బా చోటు అదే.”

అరవై దాటిన మనిషి నా ముందు మోకాళ్ళ మీదికి దిగాడు. తుడుచుకుంటూ, ఆగి వింటూ, పాకుతూ వచ్చాడు. వంటింటి గోడ మధ్యకి చేరేసరికి ముఖం వెలిగిపోయింది. పైడమ్మ సుద్దముక్కతో అక్కడ గుర్తు పెట్టుకున్నాడు. రెండోది వెతుక్కుంటూ గోడ వెంబడి వచ్చి వచ్చి, మిషను కింద, పెడలు పక్కన తల దూర్చి అలాగే ఉండిపోయాడు. కళ్ళు మూసుకున్నాడు. దొరికిందని నాకు తెలిసిపోయింది.

“ఇక్కడే ఉందే పైడీ,” అన్నాడు.

“తెలుసు.”

“ఎప్పటి నుంచి?”

“మొదట్నుంచీ.”

ఆయన కింద నుంచి ఆవిడ ముఖంలోకి చూశాడు. పైడమ్మ నా జాకెట్టు గుడ్డ సూది కింద సర్దుకుని, పెడలు మీద కాలు పెట్టింది.

“నా కాలు తియ్యను మావా. నీ తల పక్కకి తీసుకో.”