దుర్గాపూర్ లైన్లో పొగ ఒప్పందం

జపాన్‌లో దేశాలన్నీ కూర్చుని, లోకంలో పొగ ముందు ఎవరు తగ్గించాలని తగవు పడుతున్న రోజుల్లో నేను చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ బయలుదేరాను. అక్కడి బొగ్గుగనిలో మా బావ పని. పురిటికొచ్చిన కూతురి బిడ్డ పొగకు దగ్గుతోందనీ, తొట్టెల పండుగ కాకముందే తల్లినీ బిడ్డనూ అత్తారింటికి పంపేయాల్సి వచ్చేలా ఉందనీ మా చెల్లెలు సుగుణ కబురు పెట్టింది.

ఉదయం తొమ్మిదికి కాగజ్‌నగర్‌లో ప్యాసింజర్ ఎక్కి, పేపర్లో జపాన్ సంగతి పైకి చదివాను. విరూర్‌లో ఎక్కిన మిర్చి వ్యాపారి నవ్వాడు.

"గాళ్లు గాడ కూసుంటే గీడ పొగ ఎట్ల తగ్గుతది కాకా?"

"తగ్గకేంది? చంద్రపూర్ల రెండు కాకులు అప్పుడే తెల్లబడ్డయట!" అన్నాను.

పక్కనున్న ముసలాయన కిటికీలోంచి తొంగి చూశాడు కూడా.

బల్లార్షాలో పూరీ తిని, బస్సులో చంద్రపూర్, అక్కణ్నుంచి ఆటో. ఒంటిగంటకు దుర్గాపూర్ చేరేసరికి నా తెల్లచొక్కా ఎవరిదో నేనే పోల్చుకోలేకపోయాను.

క్వార్టర్ల లైన్లో పన్నెండిళ్లు. అందరిదీ బొగ్గు కుంపటే, సిగ్డీ అంటారు. వాకిట్లో ముట్టించి, పొగంతా పోయి నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తీసుకుపోతారు. ఒక్కో ఇంటిది ఒక్కో వేళ కావడంతో వాకిలి పొద్దంతా పొగే. బిడ్డకు నూనె రాసి ఎండ చూపించాల్సిందీ ఆ వాకిట్లోనే.

సాయంత్రం ఐదుకు లైన్ మొత్తాన్నీ పిలిచాను. జపాన్ నుంచి నాకు ఉత్తరం వచ్చిందన్నాను. చూపించమన్నారు. పొగకు అక్షరాలు నల్లబడ్డాయన్నాను.

అందరికన్నా పాతకాపు లింగవ్వ లేచింది. "మేమొచ్చి ఇరవై ఏండ్లాయె. నిన్నగాక మొన్న వచ్చినోళ్లు ముందు ఆర్పుండ్రి!"

"ఇరవై ఏండ్ల సంది కాల్చింది నువ్వే కద మావుశీ, ముందు నువ్వే ఆర్పు" అంది కొత్తగా వచ్చిన శాంతాబాయి, మరాఠీలో పిన్నీ అని పిలుస్తూ.

పేపర్లో చదివిన తగవే, భాష ఒక్కటే మారింది. రెండు చాయ్‌లయినా తెగలేదు. ఇంతలో లోపల బిడ్డ దగ్గు అందుకుంది. ఆగదే! అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి. చివరికి శాంతాబాయే అంది: "ఎవ్వలం ఆర్పద్దు. అందరం పొద్దుగాల ఆరింటికే ముట్టిద్దాం, ఏడింటికల్ల లోపలికి తీస్కపోదాం." లింగవ్వ కూడా తలూపింది.

తెల్లారి ఏడుకు పదకొండు వాకిళ్లు ఖాళీ. లింగవ్వ మాత్రం అప్పుడే అగ్గిపుల్ల గీస్తోంది. పదకొండు మంది ఆడవాళ్లు గుమ్మాల్లోకొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"ఏందే, గట్ల చూస్తరు? నేనేమన్న దొంగనా?" అంటూ లింగవ్వ సిగ్డీ ఎత్తుకుని ఇంటి వెనక్కి నడిచింది. సుగుణ బిడ్డను తెచ్చి ఎండలో పడుకోబెట్టింది. తొట్టెల పండుగ ఇక్కడే అని ఖాయమైంది.

పదకొండింటి బస్సులో తిరిగొస్తుంటే బొగ్గు తగ్గిందని చెప్పే ధైర్యం నాకు లేదు. ఎప్పుడూ కాల్చేదంతా కాల్చారు. కానీ ఒక మాట అందరి ముందు ఒప్పుకుంటే, తప్పినప్పుడు చూసే కళ్లుంటాయి. జపాన్‌లో కూర్చున్నవాళ్లు అంతమాత్రం సాధించినా గొప్పే. కిటికీలోంచి దూరంగా థర్మల్ కరెంటు కేంద్రం పెద్ద చిమ్నీలు కనిపించాయి, తీరిగ్గా పొగ వదులుతూ. వాటికి ఎదురింటివాళ్లు లేరు.