పొడుగు కాలు నక్షత్రం

పుత్తూరు, నవంబరు చివరి ఆదివారం.

మా ఆడపడుచు ఈ నెల మొదటి వారంలో, నిద్రలోనే వెళ్లిపోయింది. సమాధి దగ్గరికి వచ్చిన సంఘంవాళ్లందరికీ ఆ రోజే కృతజ్ఞతలు చెప్పాను. ఇప్పుడు మన సంఘం పత్రికకు రాయడానికి కారణం వేరు. నిన్న సాయంత్రం క్రిస్మస్ క్యారల్స్ బృందం పెద్ద మా గుమ్మం ముందుకు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"అమ్మా, ఈసారి మీ ఇల్లు దాటుకోని పోతాము. బాధలో ఉండారు గదా, ముందర నిలబడి పాడితే బాగుండదు" అన్నాడు.

పద్ధతి తెలిసిన మనిషి. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడాది నక్షత్రం కట్టరు. నక్షత్రం లేని ఇంటి ముందు పాటలు పాడరు. సరేనని తలుపు వేసుకున్నాను. వేసుకున్న తర్వాత ఆ మాట ఎందుకన్నానా అనిపించింది. అది మీకు అర్థం కావాలంటే ఆమె గురించి చెప్పాలి.

ఆమె మా ఆయనకు చెల్లెలు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి వెనక గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నేనొకసారి గట్టిగా అడిగాను. "మా అన్నను నువ్వు భరిస్తా ఉండేది రోజూ చూస్తా ఉండాను గదా వదినా. చూసినాను, చాలు" అంది. మా ఆయన పక్కనే కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. తల ఎత్తలేదు.

నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని, ఇంట్లో కూడా లెక్కలు నావే. పండుగ వచ్చిందంటే బట్టలు, కేకు, గుడి చందా పోను మిగిలిన కాస్తా నక్షత్రానికి ఇచ్చేదాన్ని. ఐదు కాళ్ల నక్షత్రాన్ని వెదురుబద్దలతో, రంగు కాగితాలతో ఇంట్లోనే చేయాలన్నది మా మామగారి కాలం నుంచి ఉన్న పద్ధతి. ఆయన తర్వాత ఆ పని ఆడపడుచుకు వచ్చింది. నేనిచ్చిన డబ్బు చేతిలో పెట్టుకుని చూసి, "దీంతో నాలుగు కాళ్లకు కాగితం వస్తాది. ఐదో కాలికి ఇల్లే ఇస్తాదిలే" అనేది.

అలా ఐదో కాలికి ప్రతి ఏడాదీ ఇంట్లోంచే ఏదో ఒకటి అతికించేది. మిఠాయి పెట్టె మీది గాజు కాగితం ఒక ఏడు. మా అబ్బాయి పెళ్లిచీరల కవర్లు ఇంకొక ఏడు. ఆ ఏడాది మాకు ఏమి జరిగిందో ఆ కాలు చూస్తే తెలిసేది.

మా ఆయన మోపెడ్ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న సంవత్సరం నాకు బాగా గుర్తు. మా ఊళ్లో ఎముక కట్టుకు కొదవ లేదు. అయినా అనుమానం తీరక ఎక్స్‌రే కూడా తీయించాము. కట్టు విప్పేశాక ఆ ఫిల్మ్ బీరువా మీద పడి ఉంది. డిసెంబరులో చూస్తే అది ఆమె ఒళ్లో ఉంది.

"ఏమ్మే, మతి ఉందా? నక్షత్రంలో ఎముకలు పెడతారా?" అన్నాను.

"బల్బు వెలిగినాక చూసి చెప్పు. ఊరికే అరస్తావు" అంది.

ఫిల్మ్ ఆ కాలికి పెద్దదైంది. కత్తిరించమన్నాను. కత్తిరిస్తే వేళ్లు పోతాయి. "మా అన్న చేతిని నేనే నరకాల్నా?" అని, వెదురుబద్దలు విప్పి, ఆ కాలినే పొడుగు చేసి కట్టింది. ఆ రాత్రి బల్బు వేస్తే నల్లటి ఫిల్మ్‌లోంచి ఐదు వేళ్లూ తెల్లగా వెలిగాయి. మా ఆయన వీధిలో నిలబడి తన చేతినే చూసుకుని, "నాకంటే ఇదే బాగుండాది" అన్నాడు. ఆ తర్వాత మిగతా కాగితాలు ఏటా మారాయి గానీ, వీధి వైపు ఆ ఫిల్మ్ మారలేదు, కాలి పొడుగూ మారలేదు. ఆ కాలి వెనకవైపు, ఇంటి వైపు మాత్రం ఏ ఏటికి ఆ ఏటిది అతికించేది. ఒక కాలు పొడుగని పిల్లలు ఎగతాళి చేస్తే, "ఎవరిల్లో దూరం నుంచే తెలియాల గదా" అనేది.

మా ఆయన పోయింది కూడా చలికాలంలోనే. ఆ ఏడు నక్షత్రం వద్దని అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఆమె నాతో వాదించలేదు. పొయ్యి మీద మైదాబంక కాస్తూ, వెనక్కి తిరగకుండా, "చచ్చిన ఇంట్లో చీకటి చాలదా వదినా? మనం గూడా ఇంకింత పోయాల్నా?" అంది. ఆ ఏడూ నక్షత్రం వెలిగింది. ఆ డిసెంబరంతా నేను కిటికీ దగ్గర కూర్చునేదాన్ని.

ఇప్పుడు వెనక గదిలో మిషను చప్పుడు లేదు. ఇద్దరికి ఎంత బియ్యం పోయాలో నా చేతికి తెలుసు. ఒక్కదానికి ఎంతో ఇంకా కుదరడం లేదు, రోజూ అన్నం మిగులుతోంది. సూళ్లూరుపేటలో పనిచేసే మా అబ్బాయి ఫోన్ చేసి, మడిచి పెట్టుకునే నక్షత్రం ఒకటి పంపిస్తానన్నాడు. ధర అడిగాను. మనం చేసుకునేదానికంటే తక్కువే. లెక్క ప్రకారం వాడి మాటే రైటు. వద్దన్నాను.

మొన్న మిషను సొరుగు సర్దుతుంటే ఆమె చివరగా కత్తిరించిన ఖాకీ కాగితం దొరికింది. నా జాకెట్టు కొలత. భుజం దగ్గర పాత గీత కొట్టేసి, లోపలికి కొత్త గీత గీసి ఉంది. నేను చిక్కిపోయానని నాతో ఎప్పుడూ అనలేదు.

కాబట్టి ఇక జరగవలసినవి ఇవి.

1. పాత చట్రంలో విరిగిన రెండు బద్దల బదులు కొత్తవి తేవాలి. బుట్టలు అల్లేవాళ్లకు చెప్పాను.

2. బంక నేనే కాయాలి. బొద్దింకలు తినకుండా చిటికెడు మైలుతుత్తం వేయాలి. "వదిన లెక్క రాస్తే తప్పు రాదు, బంక కాస్తే ఉండలే" అనేది. ఉండలు వచ్చినా దాంతోనే అతికించాలి.

3. నాలుగు కాళ్లకు ఎర్ర కాగితం కొనాలి. ఐదో కాలికి వీధి వైపు ఫిల్మ్ అలాగే ఉండాలి. ఇంటి వైపు ఖాకీ కాగితం. పెన్సిల్ గీతలు చెరపకూడదు.

4. నక్షత్రం కట్టిన వెదురు గెడ ఎత్తడం నా వల్ల కాదు. అబ్బాయి శనివారం రావాలి. నక్షత్రం పంపేవాడు తానే రావచ్చు.

5. క్యారల్స్ వాళ్లు మా ఇల్లు దాటిపోకూడదు. నిన్న సరేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా చేతి పని వంకరగానే ఉంటుంది, నవ్వుకోవచ్చు. వీధి మొదట్లో నిలబడి పైకి చూడండి. పొడుగు కాలిలో, మీ వైపు, విప్పిన ఐదు వేళ్లు. నా కిటికీ వైపు, ఆమె గీసిన గీతలు.