అక్క గదిలో వైఫై డబ్బా

హవిలి ఒక దీవిలోని ఓడల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే మనిషి. నుకుఅలోఫా రేవు మొత్తంలో అంతకంటే దిక్కుమాలిన ఉద్యోగం లేదని అతని అభిప్రాయం. ఎవరో ఇంటినుంచి ఏదో తెచ్చి ఆఫీసు లైనుకి తగిలిస్తారు. అన్నీ మొరాయిస్తాయి. పీకేసినవాడేమో అందరికీ పగవాడు. పీకి పీకి అతనికి విసుగెత్తిపోయింది.

ఈసారి ఎవరిదో వైఫై డబ్బా. సరుకుల కాగితాలు వెళ్ళక ఓడ కట్టేసినట్టు ఆగిపోయింది.

"సాయంత్రంలోగా అది తీయలేదో, రేపట్నించి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు.

కంప్యూటర్లో వెతగ్గా వెతగ్గా అది అక్క లూసియానె గదిలో తేలింది. అక్క కూర్చునే గదిలోకి తమ్ముడు అడుగుపెట్టడమా! ఇద్దరూ కలిసి ఒకే టీవీ తెర చూడటం కూడా తప్పేననే ఆ దీవి ఆచారంలో పెరిగారు వాళ్ళు. ఒకే ఆఫీసులో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నా అతను ఆ గడప దాటలేదు. ఇక నిలదీయడమా?

పెద్ద గుమాస్తా ఫినౌని బతిమాలాడు. "బాబాయ్, నువ్వెళ్ళి పట్టుకురావూ?"

"మీ అక్క నోటికి ఎదురెళ్ళమంటావా? నాకింకా బతకాలనుందిరా!"

చేసేది లేక, హవిలి తన గదిలోంచే అక్క గదికెళ్ళే లైను ఆపేశాడు. కాగితాలు కదిలాయి, ఓడ కదిలింది. ఉద్యోగం మిగిలింది.

భోజనాల వేళ ఫినౌ వచ్చి పక్కన కూలబడ్డాడు. "బాగానే చేశావు గానీ, మీ అక్క రోజూ ఈ వేళకి ఆ డబ్బా మీదే వీడియో ఫోనులో మీ అమ్మని చూసుకునేదిరా."

అమ్మ ఆక్లాండ్ ఆస్పత్రిలో ఉందని హవిలికి తెలుసు. అలిసిపోయాననీ, రేపు చేద్దామనీ ఫోను వాయిదా వేస్తూ వచ్చాడు. అక్క రోజూ మాట్లాడుతోందని మాత్రం తెలీదు. సిగ్గుపడి కంచం పక్కకి నెట్టేశాడు.

మర్నాడు అదే వేళకి అమ్మకి వీడియో ఫోను కలిపి, అక్క గడప మీద పెట్టి, గదికి వీపు తిప్పి నిలబడ్డాడు. అక్క వచ్చి తీసుకుంది.

"హవిలి ఏడే?" అమ్మ గొంతు నీరసంగా ఉంది.

"గుమ్మం బయటే ఉన్నాడమ్మా. లోపలికి రాడు."

అమ్మ దగ్గుతూనే నవ్వింది. "ఎందుకొస్తాడు? అలా పెంచింది నేనేగా." మళ్ళీ అంది: "ఫోను కాస్త అటు తిప్పవే. వీపైనా చూస్తాను."

హవిలి కళ్ళు తుడుచుకుని, వీపు నిటారుగా చేసుకుని నిలబడ్డాడు.